ట్యూబ్‌లైట్ మొరాయిస్తే ముందు ఏం చూడాలి

అమ్మలూ,

పెదవాల్తేరు ఇంట్లో వంటగది ట్యూబ్‌లైట్ ఎంతోసేపు మినుకు మినుకుమన్నాక గానీ వెలగడం లేదని, కొత్త ట్యూబ్ కొనేస్తానని మీ అమ్మతో అన్నావట. తొందరపడకు. ముందు అది ఎలా మొరాయిస్తోందో గమనించు, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

స్విచ్ వేయగానే, ఫిట్టింగ్‌లో తిప్పి పెట్టే చిన్న డబ్బీ, అదే స్టార్టర్‌లోని చిన్న గాజుబుడ్డి వెలిగి, అందులోని రేకు వేడెక్కి వంగి ఎదుటి కొనని తాకుతుంది. అప్పుడు ట్యూబ్ రెండు చివర్ల ఫిలమెంట్లూ కాగుతాయి. రేకు చల్లారి విడిపోగానే చోక్ (ఫిట్టింగ్‌లో ఉండే బరువైన తీగచుట్ట) కొన్ని వందల వోల్టుల దెబ్బ కొడుతుంది, ట్యూబ్ అందుకుంటుంది. అందుకోకపోతే మళ్లీ మొదటికే. నువ్వు చూస్తున్న మినుకు మినుకు అదే.

విశాఖలో, అందులోనూ బీచ్‌కి దగ్గరి ఇళ్లలో, నేను మొదట అనుమానించేది హోల్డర్‌ని. ఉప్పుగాలికి ట్యూబ్ పిన్నులు, హోల్డర్ లోపలి రేకులు పచ్చగా చిలుము పడతాయి. వంటింట్లో అయితే దానిమీద నూనె జిడ్డు కూడా. మెయిన్ ఆపేసి, కదలని స్టూలు మీద ఎక్కి (ప్లాస్టిక్ కుర్చీ వద్దు), ట్యూబ్‌ని తిప్పి తీసి, పిన్నులని సన్నటి గరుకు కాగితంతో రుద్దు. పొడిగుడ్డతో తుడిచి మళ్లీ బిగించు. హోల్డర్ రేకులు వదులైతే, ప్లాస్టిక్ పెళుసెక్కితే దాన్ని మార్పించెయ్.

అప్పటికీ లొంగకపోతే స్టార్టర్. చివర్లు రెండూ ఎర్రగా వెలుగుతూ ఉండిపోయి నడుమంతా చీకటైతే, స్టార్టర్ లోపలి రేకు విడిపోకుండా అతుక్కుపోయిందన్నమాట. మేం లైటు ఆన్‌లో ఉండగానే స్టార్టర్ లాగి చూసేవాళ్లం. నువ్వు ఆ పని చెయ్యకు. స్విచ్ ఆపి, హాల్లో బాగా వెలిగే లైటు స్టార్టర్ తెచ్చి ఇందులో పెట్టి చూడు. హాల్లోది ఎలక్ట్రానిక్ చోక్ అయితే దానికి స్టార్టరే ఉండదు, కాబట్టి కొత్తది ఒకటి కొను. పెద్ద ఖర్చేం కాదు.

చివర్లు బాగా నల్లబడి ఉంటే మాత్రం ట్యూబ్‌కి వయసైపోయింది, స్టార్టర్ మార్చినా కొన్నాళ్లే. కొత్త ట్యూబ్‌లో వెలుగు పాములా మెలికలు తిరిగితే కంగారుపడకు, సాధారణంగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. అదే కొత్త ట్యూబ్ పెట్టగానే చివర్లు భగ్గుమని మాడిపోతే చోక్ షార్టయినట్టే. ఇంకో ట్యూబ్ పెట్టి అదీ తగలెయ్యకు, ఎలక్ట్రీషియన్‌ని పిలువు. చోక్ నుంచి మాడువాసన వచ్చినా అంతే.

సాయంత్రం ఏడూ ఎనిమిది మధ్య మాత్రమే పేచీ పెట్టి, అర్ధరాత్రి చక్కగా వెలుగుతోందా? అయితే లైటుది తప్పు కాదు, లో వోల్టేజీ. పక్కింటివాళ్లని కూడా అడుగు.

ఇవన్నీ అయ్యాక కూడా విసిగిస్తే ఎల్‌ఈడీ బ్యాటెన్ (ఫిట్టింగ్‌తో కలిసే వచ్చే పొడుగు లైటు) బిగించుకో, నాకేం పట్టింపు లేదు. కానీ ఎల్‌ఈడీ ట్యూబ్‌ని పాత ఫిట్టింగ్‌లోనే పెడతానంటే మాత్రం, దానితో వచ్చిన కాగితంలో వైరింగ్ బొమ్మ చూసుకోవాలి. కొన్నింటికి చోక్, స్టార్టర్ తీసేసి నేరుగా కరెంటు ఇవ్వాలి. తీసేసిన పాత ట్యూబ్‌లో పాదరసం ఉంటుంది, చెత్తబుట్టలో విరిచి పడేయకు. పొరపాటున పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్లు. ముక్కల్ని చీపురుతో ఊడవకుండా అట్టముక్కతో ఎత్తు.

మీ పెదనాన్న