వైరస్ ల్యాబ్‌కు అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో ఏడాది చదువుతోంది. మా అన్నయ్య కాలేయ క్యాన్సర్‌తో పోయారు. ఆయనకు హెపటైటిస్ బి ఉందని చివరి రోజుల్లో విశాఖ ఆసుపత్రిలో చెప్పారు. అప్పటి నుంచి మా అమ్మాయి ఆ జబ్బు మీదే పరిశోధన చేస్తానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీ వారు కృత్రిమ మేధ కలిపిన బీటెక్ బయోటెక్నాలజీలో చేర్చమంటున్నారు. నాలుగేళ్లకు పన్నెండు లక్షలు. అందులో చేర్చాలా, ఐసర్ లాంటి కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థలో చదివించాలా? వైరస్‌తో పని కదా, ఆడపిల్లకు ఏమైనా అంటుకుంటే ఎలా?

జవాబు: మీరు కాలేజీ గురించి అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి వాక్యం. ముందు దాని సంగతే చూద్దాం.

హెపటైటిస్ బి కాలేయానికి పట్టే వైరస్ జబ్బు. అది రక్తం ద్వారా, శరీర ద్రవాల ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. ఒకే కంచంలో తిన్నా, పక్కన కూర్చున్నా రాదు. ల్యాబ్‌లో ఈ వైరస్‌తో పనిచేసేవారు ముందుగా మూడు డోసుల టీకా వేయించుకుని, ఒంట్లో యాంటీబాడీలు తగినంత తయారయ్యాయో లేదో రక్తపరీక్షతో చూసుకుంటారు. పనంతా గాలి వడకట్టే క్యాబినెట్ లోపల, చేతి తొడుగులతో సాగుతుంది. టీకా పనిచేసిన మనిషికి అక్కడ భయం లేదు. ఆడపిల్ల అయినా, మగపిల్లవాడు అయినా జాగ్రత్త ఒక్కటే. కొడుకైతే మీరు ఈ ప్రశ్న వేసేవారా?

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీ అన్నగారికి ఈ వైరస్ ఉందని తెలిశాక మీరు పరీక్ష చేయించుకున్నారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మీరిద్దరూ ఒకే తల్లి బిడ్డలు. మన దేశంలో ఈ వైరస్ చాలామందికి పుట్టుకతోనో పసితనంలోనో సోకి, ఏ బాధా లేకుండా దశాబ్దాలు ఉండిపోతుంది. మీకు, మీ తోబుట్టువులకు, మీ వదినగారికి, వారి పిల్లలకు ఈ వైరస్ ఒంట్లో ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ యాంటిజెన్ రక్తపరీక్ష వెంటనే జరగాలి. ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో దేశమంతటికీ వచ్చింది 2011 ప్రాంతంలో. మీ అమ్మాయి అంతకు ముందే పుట్టి ఉంటుంది కనుక ఆమెకు పరీక్షా కావాలి, టీకా వేశారో లేదో కార్డు చూడడమూ కావాలి. కూతురు పదేళ్ల తర్వాత ల్యాబ్‌లో అడుగు పెడితే ఏమవుతుందోనని బెంగపడుతూ, ఇంట్లో ఉన్న ప్రమాదాన్ని పట్టించుకోకపోవడం తప్పు. కఠినంగా ఉన్నా చెప్పక తప్పదు.

పాజిటివ్ అని వచ్చినా కుంగిపోకండి. అందరికీ మందులు అవసరం పడవు. అవసరమైనవారికి రోజూ ఒక టెనోఫోవిర్ మాత్ర వైరస్‌ను అదుపులో పెడుతుంది, క్యాన్సర్ ముప్పును బాగా తగ్గిస్తుంది. ముప్పు ఎక్కువున్నవారికి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీస్తారు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ఇక మీ అమ్మాయి ఎంచుకున్న పని. పైన కోసేసినా వేరు మిగిలిన కలుపులా, మందు వాడుతున్నా ఈ వైరస్ డీఎన్ఏ కాలేయ కణం కేంద్రకంలో వలయంగా చుట్టుకుని కూర్చుంటుంది. దాన్ని పూర్తిగా తొలగించే మందు ఇంకా రాలేదు. వైరస్‌ను కనిపెట్టింది 1960లలో. అది కాలేయ కణంలోకి దూరడానికి వాడుకునే ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్ బయటపడింది మాత్రం 2012లో. పరిశోధకులు విరివిగా వాడే హెప్‌జీ2 కణాలు 1970లలో అర్జెంటీనాకు చెందిన పదిహేనేళ్ల బాలుడి కాలేయ కణితి నుంచి వచ్చినవి. ఆ ప్రోటీన్ జన్యువును వాటిలో చేర్చాకే వైరస్ వాటికి సోకడం మొదలైంది. ఆ కణాలకు గులాబీ రంగు పోషక ద్రవం పోసి 37 డిగ్రీల వద్ద పెంచుతారు. పొరపాటున బాక్టీరియా చేరితే తెల్లారేసరికి ద్రవం పసుపుగా, మసకగా మారి ఉంటుంది. వారాల పని పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. పెదనాన్న మీద ప్రేమ ఆమెను ఆ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల నిలబెట్టేది ఓపిక. అది ఆమెలో ఉందో లేదో మీకు తెలిసినంతగా నాకు తెలియదు.

పన్నెండు లక్షల బీటెక్ గురించి నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. కృత్రిమ మేధ పనికిరాదని అనడం లేదు, జన్యు సమాచారాన్ని విశ్లేషించడానికి అది నిజంగానే కావాలి. కానీ పేరులో ఆ మాట తగిలించిన కోర్సులన్నిటిలోనూ దాన్ని బోధించగలవారు ఉండరు. చేర్చే ముందు వెళ్లి చూడండి: కణాలు పెంచే గది ఉందా, అందులో ఇప్పుడు కణాలు పెరుగుతున్నాయా? డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పరీక్షను విద్యార్థులు సొంతంగా చేస్తారా, దూరంగా నిలబడి చూస్తారా? నిరుడు చదువు ముగించినవారు ఎక్కడ చేరారు? బయోటెక్ పట్టా పుచ్చుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనో కాల్ సెంటర్లలోనో చేరిన పిల్లలు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. వారి తండ్రులు అప్పు ఇంకా తీరుస్తూ ఉంటారు. ఎన్నో ప్లేస్‌మెంట్ బ్రోచర్లు చూశాను. వాటిని నమ్మి పొలం తాకట్టు పెట్టకండి.

మీరు అడిగిన పోలికకు జవాబు చిన్నదే. బరంపురంలో ఐసర్ ఉంది, మీకు ఒక పూట ప్రయాణం. భువనేశ్వర్ దగ్గర అలాంటిదే నైసర్ ఉంది. రెండింటిలోనూ ఐదేళ్ల చదువు, చివరి ఏడాది నిజమైన ల్యాబ్‌లో ప్రాజెక్టు. అక్కడ సీటు వస్తే మరో ఆలోచన వద్దు. రాకపోతే దగ్గరి ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ చదివి, జామ్ లేదా గ్యాట్-బి ప్రవేశ పరీక్ష రాసి మంచి చోట ఎమ్మెస్సీ చేయవచ్చు. పీహెచ్‌డీకి మీరు డబ్బు కట్టనక్కర్లేదు. జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000 ఇస్తున్నారు. అయితే అది పూర్తయ్యేసరికి ఆమెకు ముప్పై దగ్గర పడుతుంది, స్థిరమైన ఉద్యోగం ఇంకా ఆలస్యం కావచ్చు. ఈ సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పండి. ఇరవై నాలుగేళ్లకు పెళ్లి చేసేస్తామని మీరు మనసులో లెక్క వేసుకుని ఉంటే, అదీ ఆమెకు ఇప్పుడే చెప్పండి. సగం దారిలో ఆపడం కన్నా అదే న్యాయం.

దిగుమతి టీకా సామాన్యుడికి అందని రోజుల్లో, 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఈస్ట్ కణాలతో దేశీయ హెపటైటిస్ బి టీకా తయారుచేసింది. దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఈ కథ మీ అమ్మాయికి చెప్పండి. టీకా వచ్చింది, పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. ఆమె చేయాలనుకుంటున్న పని అక్కడ మిగిలే ఉంది. ప్రవేశ పరీక్షల దరఖాస్తు గడువులు దాటిపోకుండా ఈ వారమే చూసుకోండి, రక్తపరీక్షలకు కూడా ఈ వారమే వెళ్లండి.