తోట గేటు తీసేముందు

అమ్మడూ,

నీ తోట ఫోటోలు మళ్ళీ మళ్ళీ చూశాను. వచ్చే పూల కాలంలో నాలుగు రోజులు గేటు తీసి అందర్నీ రానిస్తారని తెలిసి ఎంత సంతోషమేసిందో. కానీ "మొక్కలు పెట్టిన ఆ పాత బూట్లూ, గోడకి అతికించిన పగిలిన కప్పులూ తీసేసి కాస్త నీట్‌గా చేస్తాం" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఆ పని మాత్రం చెయ్యకు. మేము మొదటిసారి తోట తెరిచినప్పుడు తీగ పాకిన పాత సైకిల్ని షెడ్డు వెనక్కి నెట్టేసి, కొన్న కుండీలు వరసగా పెట్టాం. వచ్చినవాళ్ళు పది నిమిషాల్లో ఓ చుట్టు తిరిగేసి, చివరికి ఆ షెడ్డు వెనకాలే గుమిగూడారు!

మీ తోట లాంటి కాటేజ్ గార్డెన్, అంటే పల్లె ఇంటి తోట, అసలు పుట్టిందే అలా దొరికినవన్నీ కలగలిపి. ఇంగ్లండ్ పల్లెల్లో కూలి పని చేసుకునేవాళ్ళు ఇంటి ముందున్న కొద్ది జాగాలో కూరలు, మందు మొక్కలు, తేనెపెట్టెలు, మధ్యలో దొరికిన చోటల్లా పూలు, అన్నీ కలిపేసి పెంచుకున్నారు. మన చండీగఢ్‌లో నేక్‌చంద్ కూడా రోడ్ల శాఖలో చిన్న ఉద్యోగం చేసుకుంటూనే 1957లో పగిలిన గాజులు, సింకులు, టైల్స్ ఏరుకొచ్చి ఎవరికీ చెప్పకుండా రాక్ గార్డెన్ అనే బొమ్మల తోట మొదలుపెట్టాడు, 1976లో దాన్ని జనానికి తెరిచారు. ఆయనేమీ శిక్షణ పొందిన శిల్పి కాదు. మీ ఇద్దరూ కూడా మీకు తోచినట్టే పెంచారు, అది అలాగే కనపడనివ్వు.

సర్దాల్సింది కాలిబాట. మీకు అలవాటైన బాట కొత్తవాళ్ళకు అలవాటు ఉండదు. ఇద్దరు పక్కపక్కన నడవాలంటే నాలుగడుగులైనా కావాలి, అంత చోటు లేకపోతే ఒకవైపు నుంచే వెళ్ళేలా బాణం గుర్తు పెట్టు. కదిలే రాళ్ళు, నాచు పట్టిన మెట్లు ముందే చూసుకో, వాన పడితే ఆ పూట గేటు మూసెయ్యడమే మంచిది. కప్పుల ముక్కలు అతికించిన గోడ మీద నీ వేళ్ళతో నెమ్మదిగా తడిమి చూడు, ఎక్కడ గీరుకుంటే అక్కడ అంచు అరగదియ్యి, పిల్లలు తప్పకుండా ముట్టుకుంటారు. బూట్లకూ కెటిల్‌కూ అడుగున చిల్లులున్నాయా? లేకపోతే నీళ్ళు నిలిచి మొక్కల వేళ్ళు కుళ్ళిపోతాయి. రేకు డబ్బాలు ఎండకి కాలిపోతాయి కాబట్టి వాటిని నీడకి జరుపు.

ఇంకోటి, గంటల్లాంటి పూలు పూసే ఫాక్స్‌గ్లోవ్ మొక్క చూడముచ్చటగా ఉంటుంది కానీ ఆకు నుంచి గింజ దాకా అంతా విషమే. పీకెయ్యక్కర్లేదు, బాటకు దూరంగా వెనక వరసలో ఉంచి పక్కన చిన్న బోర్డు పెట్టు. ఫాక్స్‌గ్లోవ్, హాలీహాక్ లాంటి పూల మొక్కలు మామూలుగా మొదటి ఏడాది ఆకులే వేసి రెండో ఏడాది పూస్తాయి, అందుకని వరుసగా రెండేళ్ళు విత్తితే ఏటా పూలుంటాయి. కొన్ని పూలు కొయ్యకుండా వదిలేస్తే గింజ రాలి వాటంతటవే మొలుస్తాయి, అవి ఎక్కడ లేస్తే అక్కడే అందం. బాట మధ్యలో లేచినవి మాత్రం తియ్యక తప్పదు.

టికెట్ పెట్టాలా అని అడిగావు. ఇంగ్లండ్‌లో 1927లో సొంత తోటలు జనానికి తెరిచి మంచి పనికి డబ్బు పోగుచేసే నేషనల్ గార్డెన్ స్కీమ్ మొదలైనప్పుడు మనిషికి ఒక షిల్లింగ్ తీసుకుని, వచ్చిన డబ్బు ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసే నర్సుల కోసం ఇచ్చారు. ఆ మొదటి ఏడాదే ఆరు వందలకు పైగా తోటలు తెరిచారు. మీరూ ఓ హుండీ పెట్టి, ఆ డబ్బు దేనికిస్తారో దాని మీదే రాసిపెట్టండి, ఇచ్చేవాళ్ళకు నమ్మకంగా ఉంటుంది.

పక్కింటివాళ్ళకు ముందుగానే చెప్పు. బాత్రూమ్ ఇస్తారో ఇవ్వరో గేటు దగ్గరే రాసి పెట్టు, ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ కూర్చోలేరు. కూర్చోడానికి రెండు బెంచీలు తప్పనిసరి, నాలాంటి వయసువాళ్ళు వస్తారు కదా. మీ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ తోటలోనే ఉండాలి. మొక్క పేరు కన్నా ఈ బూటు ఎవరిది, ఈ కప్పు ఎలా పగిలింది అనే జనం ఎక్కువ అడుగుతారు, ఓపిగ్గా చెప్పండి.

అసలు రోజుకి రెండు వారాల ముందు తెలిసినవాళ్ళను పదిమందిని పిలిచి, వాళ్ళని వాళ్ళ దారిన తిరగనిచ్చి, ఎక్కడ ఆగారో, ఎక్కడ తడబడ్డారో ఓ కాగితం మీద రాసుకో. ఏమైనా మార్చేముందు ఆ కాగితం నాకు పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ