ఊపిరితిత్తి క్యాన్సర్‌ ఆపరేషన్‌ తర్వాత తలకు ముందస్తు రేడియేషన్‌ ఇప్పించాలా?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. ఊపిరితిత్తిలో గడ్డకు నెల కిందట ఆపరేషన్‌ చేశారు. బయాప్సీలో అడినోకార్సినోమా, రెండో స్టేజ్‌ అని వచ్చింది. ఇదే జబ్బున్న మా బంధువు ఒకరికి మెదడుకు పాకకుండా ముందే తలకు రేడియేషన్‌ ఇచ్చారు. నాన్నకూ ఇప్పించాలా?
- ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: అక్కర్లేదమ్మా. మీ బంధువుది బహుశా ‘స్మాల్‌ సెల్‌’ రకం అయి ఉంటుంది. అది చాలా త్వరగా మెదడుకు పాకుతుంది. కీమో మందులేమో మెదడులోకి సరిగా చేరవు. అందుకే జబ్బు ఛాతీకే పరిమితమై, చికిత్సకు బాగా లొంగినవారికి తల మొత్తానికి 25 గ్రేల (రేడియేషన్‌ మోతాదు కొలత) రేడియేషన్‌ను 10 సిట్టింగుల్లో, అంటే రెండు వారాల్లో ఇస్తారు. స్మాల్‌ సెల్‌ అయినా మరీ తొలి దశలోనే ఆపరేషన్‌తో తీసేస్తే, రేడియేషన్‌కు బదులు క్రమం తప్పకుండా ఎంఆర్‌ఐ తీస్తూ గమనించడమూ సరైన పద్ధతే.

మీ నాన్నగారి అడినోకార్సినోమా ‘నాన్‌ స్మాల్‌ సెల్‌’ రకంలోకి వస్తుంది. ఈ రకంలో మూడో స్టేజ్‌ వారికి ముందస్తు రేడియేషన్‌ ఇచ్చి చూశారు. ఏడాదిలో మెదడుకు పాకడం 18 శాతం నుంచి 8 శాతానికి తగ్గింది కానీ ఆయుష్షు పెరగలేదు, జ్ఞాపకశక్తి మాత్రం దెబ్బతింది. రెండో స్టేజ్‌లో ఉన్న మనిషిని ఆ నష్టానికి గురిచేయడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు చేయాల్సిన ముఖ్యమైన పని వేరే ఉంది. ఆపరేషన్‌లో తీసిన ముక్క మీదే, క్యాన్సర్‌ కణాల్లో జన్యు మార్పులను చూసే ఈజీఎఫ్‌ఆర్‌, ఏఎల్‌కే పరీక్షలు చేశారో లేదో అడగండి. చేయకపోతే ఆసుపత్రి ల్యాబ్‌ నుంచి ఆ పారఫిన్‌ బ్లాక్‌ (మైనంలో భద్రపరిచిన ముక్క) తీసుకుని చేయించండి. ఈజీఎఫ్‌ఆర్‌ మార్పు ఉంటే రోజుకు 80 మిల్లీగ్రాముల ఒసిమెర్టినిబ్‌ మాత్ర మూడేళ్లు వాడతారు. ఏఎల్‌కే మార్పు ఉంటే అలెక్టినిబ్‌ రెండేళ్లు. ఈ రెండూ మెదడులోకి చేరే మందులే. అవసరమైన కీమో మాత్రం ఆలస్యం చేయకూడదు. గాయం మాని ఓపిక రాగానే మొదలుపెట్టాలి. మీకు దగ్గర్లోనే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రి ఉంది. రెండో అభిప్రాయానికి వెళితే స్లైడ్లు, బ్లాక్‌లు, స్కాన్‌ సీడీలు కూడా పట్టుకెళ్లండి. రిపోర్టు కాగితాలొక్కటే సరిపోవు.

ఆపరేషన్‌కు ముందు మెదడు ఎంఆర్‌ఐ తీయకపోతే ఇప్పుడు కాంట్రాస్ట్‌తో (స్కాన్‌ స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే మందు) ఒకసారి తీయించండి. కిడ్నీ జబ్బు, పేస్‌మేకర్‌ ఉంటే ముందే చెప్పాలి. తర్వాత ఎప్పుడైనా పొద్దున్నే తలనొప్పితో వాంతులు, ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడటం, మాట తడబడటం, ఫిట్స్‌ వస్తే నొప్పి మాత్రలతో సరిపెట్టకండి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెదడులో ఒకట్రెండు చిన్న మచ్చలు కనిపించినా, తలంతటికీ కాకుండా వాటికి మాత్రమే గురిపెట్టి రేడియేషన్‌ ఇవ్వొచ్చు.