తమ్ముడు మారానంటున్నాడు... షూరిటీ సంతకం పెట్టనా?

ప్రశ్న: నా తమ్ముడు కొన్నేళ్ల క్రితం ఉద్యోగాలు ఇప్పిస్తానని చుట్టాల దగ్గరా స్నేహితుల దగ్గరా డబ్బు తీసుకుని మాయమయ్యాడు. కొంత మేమే తీర్చాం. ఇంకా చాలామందికి బాకీ ఉంది. ఈ మధ్య తిరిగొచ్చి, పూర్తిగా మారిపోయానంటున్నాడు. వ్యాపారం పెట్టుకుంటాడట, లోన్‌కి నన్ను షూరిటీ సంతకం పెట్టమంటున్నాడు. అమ్మ పెట్టమంటోంది. మావారు అసలు గడపే తొక్కనివ్వొద్దంటున్నారు. మొన్న వాడే అందరినీ కూర్చోబెట్టి 'పేపర్ మూన్' అనే పాత ఇంగ్లిష్ కామెడీ చూపించాడు. అయిపోయాక "చూశావా అక్కా, మోసగాళ్లకీ మనసుంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఎనిమిదేళ్ల మా పాపయితే మామయ్యని వాటేసుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేనే రాతిమనిషినా?
– ఒక అక్క

జవాబు: రాతిమనిషైతే ఈ ఉత్తరం రాసేవారే కాదు. ఆ సినిమా నాకూ ఇష్టమే, చూసిన ప్రతిసారీ నవ్వుకుంటాను. అయితే అందులోని మోసగాడు నా డబ్బు తినలేదు. మీ తమ్ముడు మీ డబ్బూ మీవాళ్ల డబ్బూ తిన్నాడు. మీకు నవ్వు రాకపోవడంలో వింతేముంది?

చూడనివాళ్ల కోసం కాస్త చెబుతాను. పీటర్ బొగ్డనోవిచ్ తీసిన ఈ సినిమా 1973లో వచ్చింది. కథ 1930ల అమెరికాలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఎక్కువగా కాన్సాస్‌లో నడుస్తుంది. మోజ్ అనేవాడు పేపర్లో చావుకబుర్లు వెతికి, భర్త పోయిన ఆడవాళ్ల తలుపు తడతాడు. మీ ఆయన మీకోసం బైబిల్ ఆర్డరిచ్చారు, పైన మీ పేరు బంగారు అక్షరాల్లో వేయించమన్నారు అని చెబుతాడు. పోయిన మనిషి చివరగా తనను తలుచుకున్నాడంటే ఏ భార్య బేరమాడుతుంది? తల్లిని పోగొట్టుకున్న యాడీ అనే తొమ్మిదేళ్ల పిల్ల ఇతనికి తోడవుతుంది. ఆ పాత్రల్లో నటించిన ర్యాన్ ఓనీల్, టేటమ్ ఓనీల్ నిజంగానే తండ్రీకూతుళ్లు. టేటమ్‌కి పదేళ్లకే సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. ఆ పిల్ల మూతి బిగించి చూసే చూపు ఒక్కటి చాలు, ఎందుకిచ్చారో తెలుస్తుంది.

అందులో దుకాణం సీను ఒకటుంది, గుర్తుందా? మోజ్ ముందుగా వెళ్లి ఇరవై డాలర్ల నోటుతో ఏదో కొంటాడు. ఆ నోటు మీద పుట్టినరోజు శుభాకాంక్షలు రాసి ఉంటాయి. కాసేపటికి యాడీ వెళ్లి చిన్న నోటిచ్చి, చిల్లర అందుకున్నాక ఏడుపు మొదలుపెడుతుంది. తానిచ్చింది ఇరవై అనీ, పుట్టినరోజుకి తన ఆంటీ ఇచ్చిన నోటనీ, దాని మీద రాత కూడా ఉందనీ అంటుంది. గల్లాపెట్టె తెరిస్తే నిజంగానే ఆ నోటు దొరుకుతుంది! మనం పగలబడి నవ్వుతాం. సాయంత్రం లెక్క తేలనప్పుడు ఆ కౌంటర్ దగ్గరున్నావిడ ఏం చెప్పుకుందో సినిమా మనకి చూపించదు. చూపిస్తే అది కామెడీ కాదు. కుచ్చుటోపీ పెట్టించుకున్నవాళ్లు తెర మీంచి చకచకా వెళ్లిపోవాలి, మోసగాడి మీద మన ఇష్టం చెడకూడదు. మీ ఇంట్లో అలా కుదరదు. మీరు ఆ కౌంటర్ దగ్గరే ఉన్నారు. మీ తమ్ముడు లేని రోజుల్లో చుట్టాల ఫోన్లు ఎత్తింది మీరు, పెళ్లిళ్లలో తల దించుకుని తిరిగిందీ మీరే అయ్యుంటారు.

ఇక ఆ 'మనసు' సంగతి. మోజ్ మోసాలు మానేసినట్టు సినిమాలో ఎక్కడా లేదు. ఒక పెద్ద ఎత్తు బెడిసికొట్టి, తన్నులు తిని, డబ్బంతా పోయాక పిల్లని తల్లి తరఫు చుట్టాల ఇంటి దగ్గర దింపేస్తాడు. ఆ పిల్లే మళ్లీ పరుగెత్తుకొస్తుంది. వచ్చి ఏమంటుంది? నువ్వు నాకింకా రెండొందల డాలర్లు బాకీ అంటుంది. తన తల్లి చావుకి పరిహారమని అతను వసూలు చేసుకుని వాడేసుకున్న సొమ్మది. కథ మొదట్నుంచీ ఆ లెక్క వదలదు ఆ పిల్ల. అతనంటే ప్రాణం, అయినా బాకీ బాకీయే. క్షమించాను అనే మాటే రాదు. మీ తమ్ముడు తనని మోజ్‌లో చూసుకున్నాడు, బాగుంది. మీరు యాడీని చూడండి.

అందుకే అతను సంతకం అడిగినప్పుడు మీరు లెక్క అడగండి. ఎవరెవరికి ఎంతివ్వాలో అతని చేత్తోనే కాగితం మీద రాయమనండి. నిజంగా మారినవాడి దగ్గర ఆ కాగితం ఈపాటికే ఉండాలి. వచ్చిన దాంట్లోంచి నెలనెలా ఎంతో కొంత, ముందు బయటివాళ్లకి కట్టనివ్వండి. పోయి వాళ్ల ముందు నిలబడి ఇంత టైమ్ ఇవ్వండని అడగనివ్వండి. మీ ముందు కన్నీళ్లు పెట్టుకోవడం కంటే అది చాలా కష్టం. "ఇంకా పాతవే తవ్వుతావేంటక్కా" అని విసుక్కుంటే మాత్రం, మారింది మనిషి కాదు, మాటతీరు. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఈ విసుగు దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు.

షూరిటీ సంతకం పెట్టొద్దు. అది మంచితనానికిచ్చే సర్టిఫికెట్ కాదు. అతను కట్టకపోతే బ్యాంకు మీ దగ్గరికే వస్తుంది, మీ క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది. ఇది మీ భర్త మీద కూడా పడే భారం, కాబట్టి చాటుగా అస్సలు పెట్టొద్దు. తమ్ముడికి చుట్టుతిప్పుడు లేకుండా, "నువ్వు నా తమ్ముడివి, అన్నం పెడతాను. సంతకం పెట్టను" అని చెప్పండి. 'ఇప్పుడు కాదు', 'ఆయన ఒప్పుకోవట్లేదు' లాంటి మాటలు వద్దు. నెపం మీ భర్త మీదికి తోస్తే, రేపు మీ తమ్ముడు ఆయన్ని పడగొట్టే పనిలో ఉంటాడు. మనుషుల్ని నమ్మించడంలో అతనికి అనుభవం ఉంది మరి.

గడప తొక్కనివ్వొద్దన్న మీవారి మాట వెనక కోపంతో పాటు అప్పులు తీర్చిన అలసట ఉంది. "సంతకం పెట్టను, మీకు చెప్పకుండా పైసా ఇవ్వను" అని ముందు ఆయనకి మాటివ్వండి. ఆ తర్వాత ఆదివారం భోజనానికి తమ్ముణ్ని పిలవచ్చా అనడిగితే జవాబు వేరేగా రావచ్చు. మకాం మాత్రం వేరేచోటే ఉండాలి.

పాపకి మామయ్య ఇష్టం. ఉండనివ్వండి. చాటున అతన్ని తిట్టి ఆ ఇష్టాన్ని చెడగొట్టొద్దు. అలాగని కథలు అల్లొద్దు. అడిగితే, మామయ్య కొందరి డబ్బు తీసుకుని తిరిగివ్వలేదు, ఇప్పుడివ్వాలి అని చెప్పండి. ఎనిమిదేళ్ల పిల్లకి ఆ రెండు ముక్కలు బాగానే అర్థమవుతాయి. ఇద్దరినీ సరదాగా తిరగనివ్వండి కానీ, 'అమ్మకి చెప్పొద్దు' అనే రహస్యాలు వాళ్ల మధ్య వద్దు. ఇది ఇద్దరికీ కలిపి కూర్చోబెట్టి చెప్పండి.

అమ్మగారితో మాత్రం ఆలస్యం చేయకండి. మీరు కాదన్న రోజు సాయంత్రమే అతను వెళ్లేది ఆమె దగ్గరికి. ఆమె పేరు మీద డిపాజిట్లు, ఇంటి కాగితాలు, ఒంటి మీద బంగారం ఏమున్నాయో మీరిద్దరూ కూర్చుని చూసుకోండి. "వాణ్ని ప్రేమించొద్దనట్లేదమ్మా, నాకు చెప్పకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టకు" అనండి. ఆమె కోప్పడుతుంది, రెండ్రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. అయినా ఈ మాట తమ్ముడికి జవాబు చెప్పకముందే అమ్మకి చెప్పండి.