అలంపురం దాకా పిల్లలతోని

బిడ్డా,

దసరా సెలవులకు పిల్లలిద్దర్నీ తీస్కొని హైదరాబాదు నుంచి కారుల అలంపురం పోతున్నమని ఫోన్ల చెప్పినవు. సంతోషమైంది. "పెద్దమ్మా, 200 కిలోమీటర్ల పైన ఉంటది, ఫోన్ చేతికియ్యక తప్పేటట్టు లేదు" అన్నవు చూడు, ఆ మాట పట్టుకొనే ఈ ఉత్తరం రాస్తున్న.

ముందుగాల ఫోన్ సంగతి. నడిచే బండిల తల వంచి తెర చూస్తుంటే, కండ్లేమో కదుల్తలేమంటయి, చెవి లోపలి భాగమేమో కదుల్తున్నమంటది. ఆ రెండింటికి పొసగకనే కడుపుల తిప్పుతది. మా చిన్నోడు ఐదో తరగతిల ఉన్నప్పుడు శ్రీశైలం పోతుంటే, మన్ననూరు దాటినంక అడవి తొవ్వల బొమ్మల పుస్తకం ముందల పెట్టుకొని కూసున్నడు. నిమ్మళంగ ఉన్నడు కదా అని మురిసిన. నాలుగు మలుపులు తిరిగిందో లేదో నా ఒళ్లెనే కక్కిండు. పాపం, ముఖం తెల్లగ పాలిపోయింది. అటెన్క ఇంకెన్నడు నేను నడిచే బండిల పుస్తకం ఇయ్యలే. పిల్లల చూపు దూరంగ, అద్దం బయట ఉండాలె. దానికి చూసే పని మనం చూపియ్యాలె.

పిల్లలు ఊరికెనే సతాయించరు బిడ్డా. ఎక్కడున్నరో, ఇంకెంత మిగిలిందో వాళ్లకు తెల్వదు. "ఇంకెంత దూరం" అంటే "రెండు గంటలు" అంటం. నాలుగేండ్ల పిలగానికి గంటంటే ఏం తెలుస్తది? గంట కంటికి కనపడదు, ఊరు కనపడ్తది. అందుకే ముందు రోజు రాత్రి పెద్దపిల్ల చేతనే ఒక కాగితం మీద రాయించు: షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల, భూత్‌పూర్, కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి, అలంపురం చౌరస్తా. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కో ఊరికి ఒక్కో గీత. ఊరి బోర్డు ముందుగాల ఎవరు చదివితే వాళ్లు పెన్సిల్‌తోని కొట్టేయాలె. చిన్నోనికి చదువు రాదు కాబట్టి వానికి కిలోమీటరు రాళ్లు అప్పజెప్పు. పైన పసుపు రంగుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. మీరు పొయ్యే 44వ నంబర్ రోడ్డు శ్రీనగర్ కాడ మొదలై కన్యాకుమారి కాడ ఆగుతదని పెద్దపిల్లకు చెప్పు, కండ్లు పెద్దగ చేస్తది. మా కాలంల ఇదే ఏడో నంబర్ రోడ్డు.

నువ్వు ముందు సీట్ల కూసోకు. వెనక ఇద్దరి నడుమ కూసో, బెల్టులు పెట్టు. కొట్లాట సగం అక్కడే ఆగుతది, అల్లునికి కూడ మనసు రోడ్డు మీద ఉంటది.

బండ్ల నంబర్లు ఇంకో మంచి ఆట. 06 మన పాలమూరుది, 05 నల్లగొండది, 32 వనపర్తిది, 33 గద్వాలది. ముందు టీజీ ఉంటే 2024 మార్చి నుంచి వచ్చిన బండి, టీఎస్ ఉంటే అంతకు ముందుది. ఏపీ 22 కనపడ్డదంటే మన జిల్లా పాత బండి, దానికి పది మార్కులియ్యి. కేఏ 36 అంటే రాయచూరుది.

ఆట ఏదైనా అరగంట కంటే సాగదు, సాగదీయకు. విసుగొచ్చినప్పుడు పొడుపు కథ వెయ్యి. "అడవిల పుట్టింది, అడవిల పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది" అంటే కవ్వం అని మీ అమ్మ చిటికెల చెప్తుండె. నీ పిల్లలు కవ్వం చూడలే కదా, వచ్చేటప్పుడు మా ఇంట్ల చూపిస్త.

బాలానగర్ కాడ ఆగుండి. సీతాఫలాల్లో ఒక రకానికి ఆ ఊరి పేరే పెట్టిండ్రు. దసరాకు గంపలు రోడ్డు పక్కనే ఉంటయి. కన్నులు విచ్చి, వేలితో ఒత్తితే మెత్తగ దిగేది తీస్కో. బండి దిగి చెట్టు నీడకు తినిపియ్యి, గింజలు ఎవరికి ఎక్కువొచ్చినయో లెక్కపెట్టుమను. చేతులు కడగనిది ఎక్కనియ్యకు. బండిలకు మాత్రం బొరుగులు, పుట్నాలే. నూనె వస్తువులు, తియ్యటియి వద్దు.

ఎండ తగ్గినంక జడ్చర్ల నుంచి పక్కకు మళ్లి పిల్లలమర్రికి రాండ్రి, నేనూ వస్త. 2018ల ఆ మర్రికి చెదలు పడితే మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిండ్రు. అది చెప్తే ఏ పిలగాడైనా నోరు మూసుకొని వింటడు.

బీచుపల్లి వంతెన రాకముందే అద్దం దించి, "కృష్ణమ్మ వస్తున్నది" అని చెప్పు. కిందికి దిగితే చిన్నోని చెయ్యి ఇడువకు, నీళ్లను నమ్మొద్దు.

కాగితం పారెయ్యకు. తిరిగొచ్చేటప్పుడు అదే కాగితం కింది నుంచి పైకి చదివించు.

మీ పెద్దమ్మ,
మహబూబ్‌నగర్