ఆ టేబుల్ ఎవరు వేశారు?

అమ్మాయ్,

ఆశీస్సులు. నీ కథ అందింది. భాష బాగుంది. అయినా నాలుగో పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. 1930ల నాటి ఐర్లండ్‌లో, మేయో కౌంటీ పల్లెలో గడ్డికప్పు ఇల్లు. నట్టింట డైనింగ్ టేబుల్, చుట్టూ ఎత్తు కుర్చీలు, పొయ్యిలో భగభగా కట్టెలు! డబ్లిన్‌లోనే ఉంటున్నావు కదా, ఓ ఆదివారం రైలెక్కి కాసిల్‌బార్ ఊరి దగ్గర, పాతకాలపు పల్లె బతుకుని చూపించే టర్లో పార్క్ మ్యూజియం చూసి రాకపోయావా?

అక్కడ కలప కరువు. కాల్చేది టర్ఫ్, అంటే బోగు అనే చిత్తడి నేలలో ఇటుకల్లా కోసి ఎండబెట్టిన, కుళ్లిన మొక్కల మట్టి. అది నిదానంగా రాజుకుంటుంది, పొగ పెడుతుంది. పొగ పైకి పోతుంది కాబట్టి మనుషులు కిందగా, పొట్టి పీటల మీద కూర్చుంటారు. మట్టినేల ఎగుడుదిగుడు, అందుకే పీటకి మూడే కాళ్లు. టేబుల్ కిటికీ కింద గోడకి ఆనించి ఉంటుంది. సెటిల్ బెడ్ పగలు బెంచీ, రాత్రి ముందుకి వాలిస్తే పెట్టెలాంటి పడక. ఇంట్లో ప్రతి వస్తువుకీ ఆ రూపం ఏదో ఒక లేమి వల్లే వస్తుంది. ఆ లేమి తెలియకుండా వస్తువు పేరెత్తకూడదు. ఈ మాట నేను చచ్చేదాకా అంటూనే ఉంటాను.

వెనకటికి ఓ వారపత్రిక ఎడిటర్ నా కథలో పొయ్యి పక్కనున్న ఉప్పుకుండని కొట్టేశాడు. "అది ఎక్కడుంటే పాఠకుడికెందుకండీ, కాస్త వెన్నెల రాయండి" అన్నాడు. వానాకాలం ఉప్పు నీరుకారకుండా మా అమ్మమ్మ దాన్ని అక్కడ పెట్టేది. వెన్నెల రాయలేదు, కథా అచ్చు కాలేదు. ఐర్లండ్ పల్లెల్లోనూ ఉప్పుపెట్టె పొయ్యి పక్క గోడకే వేలాడేదని తెలిశాక ఎంత తృప్తి పడ్డానో! ఇప్పటి ఫ్యాషనూ అంతే, పేరాల కొద్దీ పొగమంచు.

నీ కథలో ముసలామె రొట్టె కాల్చేది ఓవెన్‌లో కాదు, బాస్టిబుల్ అనే ఇనపకుండలో. మూత మీద కూడా నిప్పులు పేర్చాలి, అప్పుడే పైభాగం కాలుతుంది. యేసు పటం ముందున్న ఎర్ర బల్బు తీసేసి నూనెదీపం పెట్టు. ఆ దేశంలో పల్లెలకి కరెంటు వేసే పథకం మొదలైందే 1946లో.

పడుకోబోయే ముందు ఆమె నిప్పుల మీద బూడిద కప్పుతుంది చూడు, పొద్దున మళ్లీ రాజేసుకోడానికి. ఆ పని కోడలికి మాత్రం అప్పగించదు. అక్కడ కాసేపు ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ పేరా కోసమే.

ఏ పత్రికకి పంపాలి, పోటీలకి పంపొచ్చా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు పడకల సంగతి తేల్చు. ఆ వైపు ఇళ్లలో వంటగది గోడ కొంచెం బయటికి జరిపి, పొయ్యి పక్కనే మంచానికి చోటు చేసేవాళ్లు. వెచ్చగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకి ఇచ్చేవాళ్లు. ముసలామె పోయాక అందులో ఎవరు పడుకుంటారు, కొడుకా, కోడలా, పెళ్లికాని ఆడపడుచా? నీ కథలో గొడవంతా అక్కడుంది. అది రాసి పంపు.