రూపం చెదిరిపోతుంటే...

ప్రశ్న: భాగవతం మూడో స్కంధంలో విష్ణువు అవతారమైన కపిలుడు తల్లి దేవహూతికి చెప్పిన ధ్యానం రోజూ చదువుతున్నాను. కళ్లు మూసుకుంటే విష్ణురూపం క్షణం మెరిసి చెదిరిపోతోంది. నాలో మార్పూ లేదు. పొరపాటెక్కడ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మొత్తం రూపాన్ని ఒక్కసారే పట్టుకోబోతున్నారమ్మా, చిక్కంతా అక్కడే. కపిలుడు ముందు నిండు రూపం చెప్పి, మనసు అందులో కాలూనాకే ఒక్కో అవయవంలోకి వెళ్లమన్నాడు. మీకు ఆ కాలూనడమే కుదరడం లేదు. కాబట్టి రెండో స్కంధంలో శుకుడు పరీక్షిత్తుకు చెప్పిన వరుస పట్టండి: పాదాలతో మొదలుపెట్టి నవ్వు దాకా ఒక్కొక్కటే. ఒకటి వశమయ్యాకే పైది.

పాదాల శ్లోకం (సంస్కృత భాగవతం మూడో స్కంధం, 28వ అధ్యాయం, 21వ శ్లోకం) మూడుసార్లు పైకి చదివి పుస్తకం మూయండి. అరికాల్లో వజ్రం, అంకుశం, ధ్వజం, పద్మం గుర్తులు. పైన ఎర్రగా ఉబికిన గోళ్లు. ముందు బొటనవేలి గోరు ఒక్కటే చూడండి, ఆ ఎరుపు, ఆ నిగనిగ. ఆ గోళ్ల వెన్నెల గుండెలోని చీకటిని తరిమేస్తుందంటుంది శ్లోకం. చాలామంది ఈ ముక్క వదిలేసి బొమ్మ దగ్గరే ఆగిపోతారు. పొద్దున ఎవరి మీదో వచ్చిన కోపం ఇంకా లోపల ఉంటే, ఆ వెలుగును సరిగ్గా దాని మీద పడనివ్వండి. పది నిమిషాలు చాలు. బొమ్మ చెదిరితే నొసలు బిగించకండి, తల నొప్పెడుతుంది. మళ్లీ శ్లోకంలోని మాట అందుకోండి, రూపం దాని వెంటే వస్తుంది. వారమైనా పక్షమైనా పాదాల దగ్గరే ఉండండి.

మార్పును పీట మీద కూర్చున్నప్పుడు వెతక్కండి. తర్వాతి అధ్యాయంలోనే కపిలుడు గట్టిగా చెప్పాడు: సకల ప్రాణుల్లో ఉన్న తనను కాదని విగ్రహాన్ని పూజించడం బూడిదలో హోమం చేయడమే. పీట దిగాక మొదట పలకరించిన మనిషితో మీ గొంతు ఎలా ఉందో గమనించండి.

ప్రశ్న: కోరుకున్నది దొరికినట్టు ఊహించుకుంటే దొరుకుతుందని గ్రంథాల్లో ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: భాగవతం పదకొండో స్కంధంలో అవధూత యదు మహారాజుతో చెప్పింది వేరు. ప్రేమతోగానీ ద్వేషంతోగానీ భయంతోగానీ మనసును దేని మీద నిలిపితే మనిషి ఆ రూపమే పొందుతాడట. కందిరీగ గూట్లో పెట్టిన పురుగు దాన్నే తలచి తలచి అదే అయిపోయినట్టు. అక్కడ వస్తువులు దొరకడం మాటే లేదు. ద్వేషంతో అన్నది మరిచిపోకండి. పగవాణ్ణి తలచుకుంటూ నిద్రపోయే అలవాటుంటే, పడుకునే ముందు ఐదు నిమిషాలు పైన చెప్పిన పాదాల మీదికి మనసు తిప్పండి.